ఒంటరిగా ఆగేవాడు పదిమందిలో ఎందుకు ఆగడు?

మీరు అడిగినది ఇది: ఇసుకతోటలో ఇల్లు, మద్దిలపాలెం అవతల ఉద్యోగం, యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలన్న నియమం తెలుసు, రోడ్డు ఖాళీగా ఉన్న ఆదివారం అలాగే వెళ్తారు, కానీ పనిదినాల్లో ఉదయం తొమ్మిదిన్నరకు పది పదిహేను బండ్లు వరసగా రాంగ్ రూట్‌లో పోతుంటే మీ బండి కూడా వాటి వెనకే పోతోంది. చదువు, భయం, మర్యాద అన్నీ ఉన్న మనిషికి ఇలా ఎందుకు జరుగుతుంది, దీనికి చలానాలు తప్ప మార్గం లేదా అని మీ ప్రశ్న. నేను మన విశాఖపట్నంలోనే ఒక పెద్ద కర్మాగారంలో భద్రతా విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. నియమాలు రాయడం, వాటిని మనుషులు పదిమందిగా చేరి పక్కన పెట్టడం, మళ్లీ రాయడం, ఇదే నా ఉద్యోగం. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మొదట, "మనవాళ్లకు క్రమశిక్షణ లేదండీ" అన్న జవాబును పక్కన పెడదాం. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు సింహాచలం గిరి ప్రదక్షిణకు వచ్చేవారిని చూడండి. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పులు లేకుండా ముప్పై రెండు కిలోమీటర్లు రాత్రంతా నడుస్తారు. ఎవరూ చలానా రాయరు, ఎవరూ లెక్క చూడరు, మధ్యలో ఆటో ఎక్కితే అడిగేవాడు లేడు. అదే మనిషి, అదే రాత్రి, దారిలో ఎవరో ప్రేమగా ఇచ్చిన మజ్జిగ తాగి కాగితపు గ్లాసును రోడ్డు మీదే వదిలేస్తాడు. ఎందుకంటే అప్పటికే అక్కడ వంద గ్లాసులు పడి ఉంటాయి. రెండు పనుల్లోనూ అతను చేసినది ఒకటే: చుట్టూ ఉన్నవారు ఏం చేస్తున్నారో చూసి అదే చేశాడు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో పరిశోధకులు నిలిపి ఉన్న సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి చూశారు. 2008లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. పక్కన గోడ శుభ్రంగా ఉన్నప్పుడు నూటికి 33 మంది ఆ కాగితాన్ని నేల మీద పడేశారు. అదే గోడ మీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 మంది పడేశారు. అవి ఎవరు రాశారో వారికి తెలియదు, రాసినవాడు అక్కడ లేడు కూడా. ఎవరో ఒక నియమాన్ని లెక్కచేయలేదన్న ఆనవాలే సరిపోయింది, అదీ వేరొక నియమాన్ని తప్పడానికి.

దీన్నే మనం గొర్రెదాటు అంటాం. నాకు ఆ మాట అంతగా నచ్చదు. గొర్రె ఆలోచించకుండా దూకుతుందని దాని అర్థం. నేను చూసిన మనుషులు మాత్రం ఆలోచించే దూకారు. ఒక సంఘటన చెబుతాను.

మా దగ్గర ముడిసరుకు మోసుకుపోయే కన్వేయర్ బెల్టు ఒకటి ఉండేది. దాన్ని దాటాలంటే ఓ ఎనభై అడుగులు నడిచి, మెట్లెక్కి, ఇనుప వంతెన మీదుగా అవతలికి దిగాలి. నడుస్తున్న బెల్టు మీదుగా అడుగు వేసి దాటరాదని ఎర్ర అక్షరాలతో బోర్డు ఉంది, చేరిన ప్రతివాడికీ మొదటి వారంలోనే ఈ సంగతి చెబుతాం. ఒకరోజు ఉదయం షిఫ్టులో నేను పై నడవ మీద ఉన్నాను. కింద ఆరుగురు పాత కార్మికులు, వారితో ఆ వారమే చేరిన ఒక కుర్రాడు. ఆరుగురూ మాట్లాడుకుంటూనే బెల్టు పక్కనున్న పట్టీ మీద ఒక కాలు మోపి, రెండో కాలు అవతలి పట్టీ మీద వేసి, దాటేశారు. కుర్రాడు ఆగాడు. వంతెన వైపు చూశాడు. బోర్డు వైపు చూశాడు. మళ్లీ వాళ్ల వైపు చూశాడు. అవతలి నుంచి ఒకాయన, కోపం ఏమీ లేకుండా, చాలా ఆప్యాయంగా, "ఏటి బావూ, అంత దూరం ఎల్తావేటి? ఇలాగొచ్చెయ్" అన్నాడు. కుర్రాడు చిన్నగా నవ్వి, చొక్కా అంచు లోపలికి దోపుకుని, దాటాడు. చొక్కా లోపలికి దోపుకోవడం గమనించండి. ప్రమాదం ఉందని అతనికి తెలుసు. తెలిసే దాటాడు.

సాయంత్రం క్యాంటీన్‌లో టీ ఇప్పించి అడిగాను, మందలించడానికి కాదు. అతను రెండు మాటలు చెప్పాడు. ఒకటి: "సార్, కాగితం మీద రూలు అదని తెలుసు, ఇక్కడ నడిచే రూలు ఇది కాబోలనుకున్నాను; ఇన్నేళ్లుగా చేస్తున్నారు కదా, వాళ్లకు తెలియదా?" రెండోది, కాస్త ఆగి: "మొదటి వారంలోనే పిరికివాడు అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది." సామాజిక మనోవిజ్ఞానంలో దీని మీద ఎంత రాశారో, ఆ సారం అంతా ఈ రెండు వాక్యాల్లో ఉంది. 1955లో డాయిచ్, జెరార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా ఇలాగే విడదీశారు: ఇతరుల ప్రవర్తనను మనం సమాచారంగా తీసుకుంటాం, అది ఒక ప్రభావం, ఇతరులు మనల్ని తమలో ఒకరిగా ఒప్పుకోవాలని కోరుకుంటాం, అది మరొకటి. రాంగ్ రూట్‌లో పోయేటప్పుడు మీ మీద ఈ రెండూ ఒకేసారి పనిచేస్తున్నాయి. "ఇంతమంది పోతున్నారంటే ఇక్కడ ఫర్వాలేదేమో" అన్నది మొదటిది. యూటర్న్ వైపు తిప్పితే వెనకున్నవాడు హారన్ కొట్టి "వెళ్లు గురూ" అంటాడేమోనన్నది రెండోది.

ఈ రెండో దాని బలం ఎంతో 1950ల్లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త కొలిచాడు. ఒక గీతను చూపి, మరో మూడు గీతల్లో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లవాడు కూడా తప్పు చెప్పని ప్రశ్న. కానీ గదిలో మిగతావారంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెబుతారు. విషయం తెలియని ఆ ఒక్క మనిషి, అందరూ తప్పు చెప్పిన సందర్భాల్లో, మూడింట ఒక వంతుకు పైగా వాళ్లతో కలిసి తప్పే చెప్పాడు. నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా లొంగారు. ఇందులో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే అంశం వేరే ఉంది: ఎదుటి పక్షంలో ఒక్కరే ఉంటే ప్రభావం దాదాపు లేదు, ఇద్దరుంటే కొంత, ముగ్గురైతే దాదాపు పూర్తిగా వచ్చేసింది, ఆపైన ఎంతమందిని చేర్చినా పెద్దగా పెరగలేదు. ముగ్గురూ, వారితో గొంతు కలిపిన నాలుగోవాడూ. నలుగురితో నారాయణ అన్న మాట అన్నవారు ప్రయోగాలు చేసి ఉండరు గానీ, లెక్క మాత్రం తప్పలేదు.

మన భాషలో దీనికి శిక్ష కూడా సిద్ధంగా ఉంది: ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఆ సామెతలో ఊరి దారి సరైనదా కాదా అన్న ప్రశ్నే లేదు. వేరుగా నడిచినవాడే నవ్వులపాలు. మీరు యూటర్న్ దాకా వెళ్లిన రోజున ఆఫీసుకు పది నిమిషాలు ఆలస్యంగా చేరి, కారణం నిజంగా చెప్పి చూడండి, ఎవరు ఎలా చూస్తారో తెలుస్తుంది.

ఇక పది పదిహేను బండ్లు అనే సంఖ్య ఎలా ఏర్పడుతుందన్నది. సిగ్నల్ దగ్గర దీన్ని స్పష్టంగా చూడవచ్చు. ఎర్ర దీపం మీద ఇంకా పన్నెండు సెకన్లు ఉండగానే ఒక బైకు స్టాప్ లైన్ దాటి ముందుకు జరుగుతుంది. అతనికి ఎవరి తోడూ అక్కర్లేదు. అతన్ని చూసి రెండోవాడు కదులుతాడు, ఇద్దరిని చూసి ఆటో కదులుతుంది, మూడింటిని చూసి, అంతవరకు బుద్ధిగా కాలు కింద పెట్టి నిలబడిన గవర్నమెంటు ఉద్యోగి స్కూటరూ కదులుతుంది. 1978లో మార్క్ గ్రానోవెటర్ అనే సమాజ శాస్త్రవేత్త దీనికి ఒక చక్కని నమూనా ఇచ్చాడు. వందమంది ఉన్నారనుకోండి, ఒకడు ఎవరూ చేయకపోయినా రాయి విసురుతాడు, ఇంకొకడు ఒక్కరు విసిరితే విసురుతాడు, మరొకడు ఇద్దరు విసిరితే, ఇలా తొంభై తొమ్మిది మంది విసిరితే గాని విసరనివాడి దాకా. అప్పుడు వందమందీ రాళ్లు విసురుతారు. ఇప్పుడు ఒకే ఒక్క మార్పు: ఒక్కరిని చూసి విసిరే ఆ రెండోవాడి స్థానంలో, ఇద్దరిని చూస్తే గాని విసరనివాడిని పెట్టండి. మొదటివాడు ఒక రాయి విసిరి ఆగిపోతాడు, ఇంకెవరూ కదలరు. ఈ రెండు గుంపుల స్వభావంలో తేడా ఏమీ లేదు; తొంభై తొమ్మిది మంది వారే. కానీ మర్నాడు పత్రికలో ఒకటి "మూక దౌర్జన్యం" అవుతుంది, రెండోది "ఒక దుండగుడి చేష్ట" అవుతుంది.

అందుకే గుంపు చేసిన పనిని బట్టి గుంపులోని మనుషుల స్వభావాన్ని అంచనా వేయడం పొరపాటని నేను చెబుతూ వచ్చాను. మొదటివాడిని ఎవరూ ఆపలేరు, ప్రతి కూడలిలోనూ ఒకడు ఉంటాడు. కీలకం రెండోవాడూ మూడోవాడూ. వారు ఎవరన్నది కూడా ముఖ్యమే. 1955లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఒక మనిషిని పాదచారుల సిగ్నల్‌కు విరుద్ధంగా రోడ్డు దాటించి చూశారు. అతను సూటు, టై వేసుకుని దాటినప్పుడు, మాసిన పనిబట్టలతో దాటినప్పటి కంటే మూడు రెట్లకు పైగా మంది అతని వెనక నడిచారు. మన దగ్గర సూటు అవసరం లేదు. తెల్ల చొక్కా, మెడలో ఐడీ కార్డు, కారు మీద ఏదో ఒక శాఖ పేరు చాలు.

గుంపులోకి రాగానే మనిషి బుద్ధి కోల్పోతాడని 1895లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె బాన్ అనే రచయిత రాసినది ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది. 1980లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, సెయింట్ పాల్స్ అనే పేటలో జరిగిన అల్లర్లను స్టీవ్ రైకర్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త పరిశీలించి చెప్పినది దీనికి భిన్నం: పోలీసుల మీదికి తిరగబడిన ఆ జనం తమ పేటలోని ఇళ్ల జోలికి పోలేదు. గుంపుకు కూడా తనదైన నియమం ఉంటుంది. మన హెల్మెట్ల సంగతే చూడండి. ముందు చెకింగ్ ఉంటే ఎదురుగా వచ్చే అపరిచితుడు తల మీద చెయ్యి తట్టుకుని సైగ చేస్తాడు, మీరు చేతికి తగిలించుకున్న హెల్మెట్ తీసి పెట్టుకుంటారు. అతనికి మీరెవరో తెలియదు, దానివల్ల అతనికి ఒరిగేదీ లేదు. అయినా చెప్పకుండా పోవడం అమర్యాద అనుకుంటాడు. చట్టాన్ని తప్పించుకోవడంలో కూడా ఒక పరోపకారం ఏర్పడిపోయింది! దీన్ని క్రమశిక్షణ లేకపోవడం అని ఎలా అనగలం?

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయానికి వస్తాను. కన్వేయర్ సంఘటన తర్వాత ఆ ఆరుగురితో, ఒకరికి తెలియకుండా ఒకరితో, విడివిడిగా మాట్లాడాను. ఆరుగురిలో నలుగురు తమకు అలా దాటడం ఇష్టం లేదన్నారు. ఒకాయనకు అంతకుముందు ఏడాది ప్యాంటు అంచు రోలరులో చిక్కి చిరిగింది. ఇంట్లో కూడా చెప్పలేదట. మరి ఎందుకు దాటుతున్నారంటే, ప్రతి ఒక్కరూ చెప్పిన జవాబు ఒకటే: "నాకు భయమే గానీ మిగతావాళ్లకు అలవాటండీ, వాళ్లకు ఏమీ అనిపించదు." నలుగురు భయస్థులు, ఒక్కొక్కరూ తాము తప్ప అందరూ ధైర్యవంతులని నమ్ముతూ, రోజూ ఒకరికొకరు ధైర్యం నటించి చూపించుకుంటున్నారు. బయటి నుంచి చూస్తే ఆరుగురు నిర్లక్ష్యపు మనుషులు. లోపల నిర్లక్ష్యం ఇద్దరిదే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1968లో లటానే, డార్లీ అనే పరిశోధకులు ఒక గదిలోకి మెల్లగా పొగ వదిలారు. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు నూటికి 75 మంది బయటకు వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు పొగను పట్టించుకోనట్టు కూర్చున్నప్పుడు చెప్పినవారు నూటికి 10 మందే. మిగతావారు పొగలోనే కూర్చుని, కళ్లు నలుపుకుంటూ, ఇచ్చిన కాగితాలు నింపారు. ఎవరి ముఖమూ చెదరలేదు కాబట్టి ఏమీ లేదన్నమాట, అని ప్రతి ముఖమూ అనుకుంటుంది. రాంగ్ రూట్‌లో మీ ముందున్న పదిహేను మందిలో మీలాగే లోపల గుంజాటన పడేవారు ఎంతమందో మీకు తెలియదు, వారికి మీ గుంజాటనా తెలియదు. హెల్మెట్ల వెనక ముఖాలు కూడా కనపడవు కదా. వెనక వచ్చే పదహారోవాడికి మాత్రం మీరు నిబ్బరంగా పోతున్న ఒక రుజువు.

దీనికి కాలం కూడా తోడైతే పరిస్థితి ఇంకా గట్టిపడుతుంది. ఒకసారి తప్పి, ఏమీ కాకపోతే, ఆ ఏమీ కాకపోవడమే కొత్త ప్రమాణం అవుతుంది. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలై ఏడుగురు మరణించడానికి కారణమైన రబ్బరు వలయాలు అంతకుముందు ప్రయాణాల్లోనే దెబ్బతింటున్నట్టు ఇంజినీర్లకు తెలుసు. ప్రతిసారీ నౌక క్షేమంగా దిగడంతో ఆ దెబ్బ మామూలు విషయమైపోయిందని డయాన్ వాన్ అనే పరిశోధకురాలు చూపించారు. మా కర్మాగారంలో దీనికి ఒకే మాట ఉండేది: "ఎప్పుడూ ఇంతేనండీ." ఆ మాట వినపడిన చోటల్లా నేను కాగితం, కలం తీసేవాణ్ణి.

చలానాల సంగతి. హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలల లైసెన్సు రద్దు అని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం చెబుతోంది. దాని ప్రయోజనాన్ని నేను కాదనను. కానీ మేము వేసిన జరిమానాలు నేను కనపడినంతసేపే పనిచేశాయి. పైగా శిక్ష కంటే ముందు జరిగే ప్రచారంలో ఒక పెద్ద పొరపాటు ఉంది. అమెరికాలోని అరిజోనాలో రాయిగా మారిన ప్రాచీన వృక్షాల అడవి ఒకటి జాతీయ ఉద్యానంగా ఉంది. సందర్శకులు ఆ ముక్కలు ఎత్తుకుపోతుంటారు. రాబర్ట్ చాల్డీని అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బృందం అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టింది. "ఇదివరకు వచ్చినవారు చాలామంది ముక్కలు తీసుకుపోయి అడవి రూపం మార్చేశారు" అన్న బోర్డు ఉన్న దారిలో, గుర్తు పెట్టి ఉంచిన ముక్కల్లో నూటికి 8 దాకా పోయాయి. "దయచేసి తీసుకుపోకండి" అని మాత్రమే ఉన్న దారిలో 2 కూడా పోలేదు. మొదటి బోర్డు బాధతో రాసినదే, కానీ చదివినవాడికి అందిన వార్త ఏమిటి? అందరూ తీసుకుపోతున్నారని.

మన అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో కార్యదర్శి గారు "తడి చెత్త, పొడి చెత్త ఎవరూ వేరు చేయడం లేదు, ఎన్నిసార్లు చెప్పినా అంతే" అని రాస్తూనే ఉంటారు. ఆ సందేశంతో, అప్పటిదాకా వేరు చేస్తున్న ఏడెనిమిది ఇళ్లవారికి తాము ఉలిపికట్టెలమని తెలిసివస్తుంది. "ఈ వారం రెండో అంతస్తు మొత్తం వేరు చేసి ఇచ్చింది" అన్న నిజం చేతిలో ఉంటే దాన్ని రాయడం మేలు. అబద్ధం మాత్రం రాయకూడదు. పక్కింటి బకెట్ అందరికీ కనపడుతుంది.

కనపడడం అన్నాను కాబట్టి మన ఫిషింగ్ హార్బర్ గురించి చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో జెట్టీల దగ్గర బోట్లు ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడి ఉంటాయి, వలలు బాగు చేసుకుంటుంటారు, రంగులు వేసుకుంటుంటారు. ఇంతమంది జీవనం ఆగిపోయే నియమం ఇంతగా నిలబడటానికి అధికారుల నిఘా, ప్రభుత్వం ఇచ్చే భృతి కారణాలే. నేను వాటికి మరొకటి చేరుస్తాను: ఒక్క బోటు కదిలినా ఆ ఖాళీ హార్బర్ మొత్తానికీ కనపడుతుంది, ఆగి ఉన్న ప్రతి బోటూ పక్కవాడికి "నేనూ ఆగాను" అని చెబుతూ ఉంటుంది. అదే మనుషులకు వల కన్ను ఇంత ఉండాలన్న నియమం కూడా ఉంది. అది నీళ్ల కింద ఉంటుంది, ఎవరికీ కనపడదు, పక్కవాడు ఏం వాడుతున్నాడో పుకారుగా తప్ప తెలియదు. రెండిట్లో ఏది నిలబెట్టడం కష్టమో మీరే ఊహించగలరు.

మా బెల్టు దగ్గర చివరికి జరిగినది చెబుతాను. ప్యాంటు చిరిగిన ఆ పెద్దాయననే అడిగాను, ఎవరికీ నీతులు చెప్పవద్దు, మీరూ, మీలాగే ఇష్టం లేని ఇంకొకరూ కలిసి వంతెన మీదుగా వెళ్లండి, అంతే అని. ఆ ఇంకొకరు ఎవరో ఆయనకు నేనే చెప్పాను, ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు, "వాడికీ భయమేనా?" అని రెండుసార్లు అడిగాడు. మొదటి రోజు ఇద్దరు మెట్లెక్కారు, అవతలివాళ్లు ఈలలు వేశారు. ఓ వారానికి నలుగురయ్యారు. కుర్రాడు ఐదోవాడు. మిగిలిన ఇద్దరూ వాళ్లు వచ్చేదాకా అవతల ఊరికే నిలబడవలసి రావడంతో విసుగెత్తి మారారు. రాత్రి షిఫ్టు మాత్రం నేను ఉద్యోగం వదిలేదాకా పూర్తిగా దారికి రాలేదు, అది దాచను. ఆష్ ప్రయోగంలో కూడా, గదిలో నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే చాలు, లొంగిపోవడం నాలుగో వంతుకు పడిపోయింది. ఆ తోడు మధ్యలో అవతలి పక్షం చేరితే మళ్లీ మొదటికే వచ్చింది.

మీ విషయానికి వస్తే, రేపటి నుంచి ఒంటరిగా పట్టుదల పట్టమని నేను చెప్పను, అది రెండు వారాలు కూడా నిలవదు. మీ ఆఫీసుకు ఆ దారినే వచ్చేవారు ఇంకొకరు తప్పకుండా ఉంటారు. రాంగ్ రూట్ గురించి మీకు ఏమనిపిస్తుందో ముందు మీరు బయటపెట్టి, తర్వాత ఆయనను అడగండి. ఆయన జవాబు మీరు అనుకున్నదే అయితే, ఇద్దరూ ఒకే సమయానికి బయలుదేరి యూటర్న్ వైపు ఒకరి వెనక ఒకరు తిప్పండి. ఇండికేటర్ కాస్త ముందుగానే, వెనకవాళ్లకు బాగా కనపడేలా వేయండి.